చెట్టుకు సైగలు తెలువయి

నా బిడ్డ నోటి నుంచి ఎన్నటికీ మాట రాదేమో అన్నదే అన్నిటికంటే నాకున్న పెద్ద భయం. మిగతా భయాలు లేవని కాదు. తేలంటే భయం, జ్వరమంటే భయం, బావి గట్టంటే భయం. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోయినా భయం. మా ఆయన అంబదాస్ నవ్వేవాడు, "నీకు భయం లేని రోజుంటే చెప్పు, పండుగ చేసుకుందాం" అని. కానీ అవన్నీ వచ్చి పోయే భయాలు. ఈ ఒక్కటి మాత్రం పొద్దున నాతోపాటే లేచి, నాతోపాటే పడుకునేది. చంద్రావతికి రెండేళ్లు నిండాయి. మేం చంద్రి అని పిలిచేవాళ్లం. నవ్వేది, ఏడ్చేది, చప్పుడైతే తల తిప్పి చూసేది. "అమ్మ" అని మాత్రం అనలేదు.

అమీర్‌పేటలో మాది మగ్గాల ఇల్లు. మా అత్త కాంతవ్వ, మా ఆయన, మరిది పర్శరాములు, కూలికి వచ్చే నేతగాళ్లు. పొడుగాటి గదిలో నాలుగు మగ్గాలు. తాడు లాగితే పోగు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే మగ్గాలవి. తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇల్లంతా ఒకటే ధడ్ ధడ్ ధడ్. ఆ చప్పుడులో పక్కనే నిలబడి అరిచినా వినపడదు. అందుకని మా ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడేవాళ్లు. రెండు వేళ్లు మడిచి గిర్రున తిప్పితే నూలు కండె కావాలని. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్లు. చెవి పట్టుకుంటే అత్త పిలుస్తోందని. కొత్త కోడలుగా వచ్చినప్పుడు నాకీ సైగలు తెలియక కండె అడిగితే నీళ్లిచ్చి, నీళ్లు అడిగితే లేచి అత్త దగ్గరికి పరుగెత్తేదాన్ని. మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని, అందరి ముందూ నా వైపు చూసి తన నుదుటి మీద వేలు పెట్టుకునేవాడు. బొట్టు బాగుందని దానర్థం. ఆ సైగ ఒక్కటి నాకు ఎవరూ నేర్పకుండానే అర్థమైంది.

పక్కింటి దేవవ్వ నీళ్ల దగ్గర ఊరుకునేది కాదు. "నీ బిడ్డ మస్తు బుద్ధిమంతురాలు పిల్లా. రెండేండ్లొచ్చినయ్, ఒక్క మాట ఎదురు చెప్పలే" అనేది. చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. నేను బిందె నెత్తికెత్తుకుని వచ్చేసేదాన్ని. నేను మా ఊళ్లో మూడో తరగతిదాకా చదివాను. పెళ్లి కుదరగానే పలక అటకెక్కింది. పాఠాల్లో నోరు లేని బిడ్డకు తల్లి ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు.

మా అత్తకు మాత్రం కారణం ముందే తెలుసు.

"వస పొయ్యలే. మీ తల్లిగారింట్ల కాన్పు చేసి పిల్లకు వస పొయ్యకుండ పంపిన్రు. ఇంక మాటలెక్కడికెల్లి వస్తయ్?"

వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద చనుబాలతో అరగదీసి, పసిబిడ్డ నాలుకకు రాస్తే మాటలు బాగా వస్తాయని మా వాళ్ల నమ్మకం. మా అమ్మ పోసిందనే నేను అనుకున్నాను. కానీ ఖాయంగా చెప్పలేకపోయాను. అక్కడే నేను దొరికిపోయాను.

ఆ వస కోసమే మంగవ్వ రాకకు ఎదురుచూడటం మొదలుపెట్టాను.

మంగవ్వ అడవి సరుకు తెచ్చే ముసలామె. పంజగుట్ట వెనక రాళ్ల గుట్టల దగ్గర ఒంటరిగా గుడిసెలో ఉండేది. నర్సాపూర్ అడవిదాకా వాళ్ల బండీ వీళ్ల బండీ పట్టుకుని పోయి, గంపకెత్తుకుని వచ్చేది. యుద్ధం రాకముందు మా ఇంటితో ఆమెకు పనే లేదు. మా నూలుకు రంగు జర్మనీ డబ్బాల్లో వచ్చేది. జర్మనీతో యుద్ధం మొదలయ్యాక బజారులో ఆ డబ్బాలు మాయమయ్యాయి. అప్పుడు మా అత్త చీరె కుచ్చిళ్లు బిగించి, "మా అవ్వ రంగులు మల్ల తీస్త" అని పెరట్లో పొయ్యిలు పెట్టించింది. పసుపుకు ఎండిన మోదుగ పూలు. నలుపుకు కరక్కాయలు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు. రంగుకు నీళ్లు తేటగా ఉండాలి, మాకు దొరికేది కుంట నీళ్లు, మట్టి రంగువి. దానికి చిల్లగింజలు. గింజను కుండ లోపలి అంచుకు అరగదీసి వదిలేస్తే పొద్దుటికి మట్టంతా అడుక్కు దిగి, పైన నీళ్లు అద్దంలా ఉండేవి. ఇవన్నీ మంగవ్వ గంపలోవే.

ఆమె గంప దించి కూర్చుంటే ఇల్లంతా అడవి వాసన వచ్చేది. ఏ ఆకు ఇచ్చినా ముందు తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాతే ఇచ్చేది. చిల్లగింజలు ఇచ్చేటప్పుడు ఒక్కొక్క గింజ మీదా బొటనవేలితో రాసేది. ఆ సమయంలో ఆమె చూపు ఎక్కడో ఇంటి కప్పు మీద ఉండేది.

"ఏం జూస్తున్నవ్ మంగవ్వా, మా ఇంటి దూలాలు లెక్కవెడ్తున్నవా?" అని మా అత్త ఎగతాళి చేసేది.

"జర ఆగు కాంతక్కా. దీనికి ముష్టిగింజ సుట్టం. ఇది నీళ్లను బాగు చేస్తది, అది మనిషిని మంచమెక్కిస్తది. ముష్టిగింజ పట్టుబట్ట లెక్క నున్నగుంటది. ఏలుకు తెలుస్తది. కంటిని నమ్మొద్దు."

అది ఆ పనివాళ్ల పద్ధతి అనుకున్నాం.

వస కావాలని అడగగానే మరుసటి వారమే తెచ్చింది. మా అత్త మంచిరోజు చూసి కాల్చింది, అరగదీసింది, ఆవగింజంత చంద్రి నాలుకకు రాసింది. పిల్ల మొహం చింతపండు తిన్నట్టు పెట్టి, నా కొంగుకు నాలుక తుడుచుకుంది. మేమంతా చుట్టూ కూర్చుని ఆ నోటి వైపే చూశాం. పర్శరాములు మగ్గం దిగి వచ్చి, "వదినా, ఇప్పుడే మాట్లాడ్తదా, అన్నం తిన్నంక మాట్లాడ్తదా?" అన్నాడు. మా అత్త వాడి వీపు మీద ఒకటి ఇచ్చింది.

రోజులు గడిచాయి. మాట రాలేదు. మంగవ్వ వచ్చినప్పుడల్లా నేను చాటుగా అడిగేదాన్ని, "ఇంకొంచెం ఎక్కువ పెడితే?"

"ఎక్కువ పెడ్తె కక్కుకుంటది. మందును సుత అన్నం లెక్క తింటరా బిడ్డా? ఫికర్ చెయ్యకు" అనేది.

ఫికర్ చెయ్యకుండా ఎట్లా ఉండను? రాత్రి పిల్ల నిద్రపోతుంటే పెదవులకు చెవి ఆనించి పడుకునేదాన్ని, కలలోనైనా ఏదైనా అంటుందేమోనని.

ఒక మధ్యాహ్నం మంగవ్వ వసారాలో కరక్కాయలు ఏరుతోంది. చంద్రి వెళ్లి ఆమె ముందు నిలబడి, రెండు వేళ్లు మడిచి గిర్రున తిప్పింది. మంగవ్వ పట్టించుకోలేదు. పిల్ల మళ్లీ తిప్పింది. అప్పటికీ పట్టించుకోలేదు. పిల్లకు కోపం వచ్చి కాలు నేలకు కొట్టింది.

"ఎవలు, చంద్రినా? ఏం గావాలె తల్లీ?"

"ఆడుకోవడానికి కండె అడుగుతుంది మంగవ్వా" అన్నాను నేను లోపలి నుంచి. ఒక ఖాళీ కండె తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను.

మంగవ్వ చేతిలో కరక్కాయ అట్లాగే ఉండిపోయింది. "అది నోరు మెదపలే గద. నీకెట్ల తెలిసింది?"

నేను వేళ్లు తిప్పి చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, వేళ్లను తన వేళ్లతో తడిమి, "ఇట్లనా?" అంది. తర్వాత నీళ్లకు ఏమిటి, అన్నానికి ఏమిటి అని అడిగింది. అన్నీ చెప్పాను. ఆమె పెద్దగా నవ్వింది.

"ఓయమ్మా! ఇది పొద్దందాక మాట్లాడుతనే ఉన్నది గద! సెయ్యి తిప్పంగనే కండె దొరుకుతుంటె నోరెందుకు తెరుస్తది? పిల్ల మూగది గాదు బిడ్డా, మీ ఇల్లే మూగది."

రంగు కుండ దగ్గర ఉన్న మా అత్తకు ఈ మాట తగిలింది. "నోరు మంచిగుంచుకో మంగవ్వా."

"నా నోరు మంచిగనే ఉన్నది అక్కా. వాడక వాడక మీ నోళ్లే తుప్పువట్టినయ్. ఆ తుప్పు కరక్కాయల ఎయ్యి, మంచి నలుపొస్తది."

మా అత్త తిట్టబోయి నవ్వేసింది. ఆ నవ్వు చూసి నేను ధైర్యం చేశాను. "ఏం చెయ్యాలి మంగవ్వా?"

"రేపు నాతోని పంజగుట్టకు తోలుకరా. మోదుగ పూసింది. పూలు ఏరుకొద్దం."

మరునాడు బయల్దేరేటప్పుడు అన్నం మూట కట్టాను, నీళ్ల చెంబు, గొంగడి, దిష్టికి ఉప్పూ మిరపకాయలూ, దెబ్బ తగిలితే కట్టడానికి పాత గుడ్డ. మంగవ్వ నా మూటలు తడిమి, "కాశికి పోతున్నమా?" అంది.

పంజగుట్ట దాటి, బంగళాల గోడలు వెనకబడ్డాక, గుట్టల మధ్య బాట మొదలైంది. ఎవరూ లేరు. మొదట నాకు చెవుల్లో ఏదో గుయ్ మంది. తర్వాత తెలిసింది, అది మగ్గం చప్పుడు లేకపోవడం. చంద్రికి కూడా అదే కొత్తేమో, నా మెడ గట్టిగా పట్టుకుంది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నా బిడ్డ పగటిపూట నిశ్శబ్దాన్ని వినలేదు.

మంగవ్వ నడుస్తూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. "ఇది తంగేడు తల్లీ. తోలు పదును చేసేటోళ్లకు దీని పట్ట, బతుకమ్మకు దీని పువ్వు. ఇది తిప్పతీగ. జరమొస్తె కషాయం. నాకి చూడు." చంద్రి నాకింది. వసకు పెట్టిన మొహమే మళ్లీ పెట్టింది. "ఇది నల్లేరు. ఎముక ఇరిగితె కడ్తరు, మీ నాయినమ్మకు జెప్పు, తొక్కు నూరితె మస్తుంటది. ఇగో, ఇది పాలసుగంధి. వేరు వాసన జూడు." మట్టిలోంచి తీసిన సన్నటి వేరును పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. చంద్రి కళ్లు మూసుకుని వాసన పీల్చి, నా మెడ వదిలేసి, కిందికి దిగింది.

మోదుగ చెట్లు గుట్ట పక్కన ఉన్నాయి. ఆకు లేదు, ఒంటి నిండా పువ్వే. ఒక పొట్టి చెట్టు కొమ్మ కిందికి వాలి ఉంది, అయినా పిల్లకు అందదు. చంద్రి దాని కింద నిలబడి, నా వైపు తిరిగి, అరచేయి చాపి వేళ్లు ముడిచింది. ఇవ్వమని. నా చెయ్యి నాకు తెలియకుండానే కొమ్మ మీదికి పోయింది. గాజుల చప్పుడుకు మంగవ్వ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. అడగకుండ తెంపుతరా?"

"ఎవర్ని అడగాలి?"

"చెట్టును. మా అవ్వ కాలం నుంచి గిదే. పేరువెట్టి పిలిచి, ఏం గావాల్నో నోటితోని అడిగి, అప్పుడు తెంపాలె. అడగకుండ తెంపితె ఆకు ఆకే, మందు గాదు."

"సరే, నేనే అడుగుతా. మోదుగమ్మా..."

"నీకు గావాల్నా పువ్వు? దానికి గావాలె. అదే అడగాలె."

చంద్రి మళ్లీ చెయ్యి చాపింది, ఈసారి చెట్టు వైపు. వేళ్లు ముడిచింది, తెరిచింది, ముడిచింది. అంత చక్కగా అడుగుతోంది నా బిడ్డ. మా ఇంట్లో అయితే నలుగురు పరుగెత్తేవాళ్లు.

"చెట్టుకు సైగలు తెలువయి బిడ్డా. దానికి చెవులున్నయి, కండ్లు లేవు" అంది మంగవ్వ. ఆ పైన మా వైపు వీపు పెట్టి, రాలిన పూలను గంపలోకి ఏరుకుంటూ కూర్చుంది.

పిల్ల ఏడ్చింది. కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చింది. నా వైపు చూసి చెవి పట్టుకుంది, పెదవికి వేలు ఆనించింది, తనకు తెలిసిన సైగలన్నీ ఒకదాని మీద ఒకటి చేసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఒక పువ్వు. ఒక్క పువ్వు తెంపి ఇస్తే ఏడుపు ఆగుతుంది. ఇవ్వకపోతే, ఒకవేళ నిజంగానే దానికి నోరు లేకపోతే, లేని దాన్ని అడిగి బిడ్డను ఏడిపించిన తల్లిని అవుతాను. మంగవ్వ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

చివరికి ఏడుపు ఎక్కిళ్లయింది. చంద్రి వెళ్లి రెండు చేతులూ చెట్టు మొదలుకు ఆనించింది. తల ఎత్తి పూల వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి.

"ఇయ్యి" అంది.

గొంతు బొంగురుగా ఉంది, చాలా కాలం మూసి ఉంచిన తలుపు కిర్రుమన్నట్టు. నేను విన్నానో లేదో నాకే అనుమానం. మంగవ్వ మాత్రం గంప వదిలి లేచింది.

"ఇన్నవా? ఇయ్యి అన్నది!" కొమ్మ వంచి, చేతికందిన పూలన్నీ దులిపి పిల్ల చేతుల్లో పోసింది. "అంత మంచిగ అడిగినంక ఇయ్యకుంటె చెట్టు పరువేం గావాలె?"

నేను ఏదో అనాలనుకున్నాను. మాట రాలేదు. చేతులు మాత్రం గాల్లో ఏవేవో సైగలు చేస్తున్నాయి. మంగవ్వ నా దగ్గరికి వచ్చి, నా చెంపలు తడిమి, తడి తగిలాక, "ఇగ తల్లికి సుత వస పొయ్యాలెనేమో" అంది.

మంగవ్వతో కలిసి ఇంటికి వచ్చేసరికి మగ్గాలు ధడ్ ధడ్ మంటున్నాయి. చంద్రి గడపలో నిలబడి "ఇయ్యి" అంటోంది, ఎవరికీ వినపడటం లేదు. మా ఆయన నన్ను చూసి, ఏమైందని కనుబొమ్మలు ఎగరేశాడు. కోడలిగా వచ్చిన ఇన్నాళ్లలో నేను మగ్గం మీద చెయ్యి వేసి ఎరుగను. ఆ రోజు నేరుగా వెళ్లి ఆయన చేతిలోని తాడు పట్టుకున్నాను. మగ్గం ఆగింది. తర్వాత పర్శరాములుది, తర్వాత మిగతావి. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టు అనిపించింది. ఆ ఖాళీలో నా బిడ్డ, మా అత్త చేతిలోని బెల్లం ముక్క వైపు చూసి, "ఇయ్యి" అంది.

మా అత్త బెల్లం ఇచ్చింది. బిడ్డను ఎత్తుకుంది. కళ్లు తుడుచుకుని, అందరి వైపూ గర్వంగా తిరిగి, "చూసిన్రా? నేను జెప్పలే? వస పనిచేసింది" అంది.

మా ఆయన మంగవ్వ వైపు చూశాడు. మంగవ్వ గంప సర్దుకుంటూ, "వసనే అక్కా. ఇంకేంది?" అంది.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నం వేళ మగ్గాలు ఆపడం అలవాటైంది. చంద్రి సైగ చేస్తే ఎవరమూ పలికేవాళ్లం కాదు. పర్శరాములు అయితే, "నేను చెట్టును బిడ్డా, నోటితోని అడుగు" అని చేతులు చాపి నిలబడేవాడు. హోళీకి మంగవ్వ తెచ్చిన మోదుగ పూల నీళ్లతో పిల్లకు స్నానం చేయిస్తుంటే, అది ఆపకుండా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. నీళ్ల దగ్గర దేవవ్వ, "జర ఆగమను పిల్లా నీ బిడ్డను, నా తలకాయ నొస్తున్నది" అంది. నాకు అంత తియ్యటి మాట మరొకటి వినపడలేదు.

తర్వాత నూలు దొరకడం కష్టమైంది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి, ఈసారి మాటల కోసం కాదు. మా ఆయనకు షోలాపూర్ మిల్లులో పని దొరికింది. అందరం బయల్దేరాం. నాంపల్లి స్టేషనుకు పోతూ పంజగుట్ట మలుపు దగ్గర చూస్తే, ముందే చెప్పి ఉంచాం కనుక, మంగవ్వ దారి పక్కన నిలబడి ఉంది. నేను జట్కాలోంచి చెయ్యి ఊపాను. ఆమె కదలలేదు. కొంగు కూడా తీసి ఊపాను. ఆమె మా ముందు పోయే బండి వైపు తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరికోసమో చూస్తోంది. మా జట్కా ఆమెకు చాలా దగ్గరగా వచ్చింది. అయినా మమ్మల్ని చూడలేదు.

"మంగవ్వా!" అని అరిచింది చంద్రి.

అప్పుడు తిరిగింది. మేం జట్కా ఆపించేలోగా, ఆ గొంతు వచ్చిన వైపు రెండు చేతులూ చాపుకుంటూ వచ్చింది.

కప్పు వైపు చూస్తూ గింజను తడిమిన వేలు, ముక్కు దగ్గర పెట్టుకున్న ఆకు, నా చెంపల మీద తడి వెతికిన చెయ్యి, పిల్ల తన ముందు నిలబడి వేళ్లు తిప్పుతున్నా ఆమె పలకని ఆ మధ్యాహ్నం, అన్నీ ఒక్కసారే నాకు అర్థమయ్యాయి. నా బిడ్డ సైగలు ఆమె పట్టించుకోక కాదు. ఆమెకు కనపడలేదు.

"నీ కండ్లు... ఎప్పటి నుంచి మంగవ్వా?"

"పెద్దపెద్దవి కనవడ్తయి బిడ్డా. గుట్టలు కనవడ్తయి. చెట్లు వాసనకే తెలుస్తయి, వాటికేం ఫికర్ లేదు." చంద్రి మొహం రెండు చేతులతో తడిమింది. ఒక చిన్న మూట ఇచ్చింది. అందులో వసకొమ్ము, చిల్లగింజలు, ఎండిన మోదుగ పూలు. "మాతో రా" అన్నాను. "ఆ ఊర్ల చెట్లకు నా గొంతు తెలువది" అని నవ్వింది. రైలు వేళవుతోందని జట్కావాడు గుర్రాన్ని అదిలించాడు.

చంద్రికి ఇప్పుడు ఆరేళ్లు. మిల్లు గోడ పక్కన ఉన్న వేప నుంచి పుల్ల విరవాలన్నా, "వేపమ్మా, మా నాయన పళ్లకు ఒక్క పుల్ల ఇయ్యి" అని అడిగే విరుస్తుంది. ఆ పిల్లలూ ఈ పిల్లలూ నవ్వినా మానదు. రోజూ నన్ను ఒక్కటే అడుగుతుంది, మంగవ్వకు ఇప్పుడు గుట్టలైనా కనపడుతున్నాయా అని. ఉత్తరం రాస్తే ఆమెకు చదివి చెప్పేవాళ్లు లేరు. ఆ గుట్టల మీద కొత్త బంగళాలు లేస్తున్నాయని, బాటలు మారాయని, అటు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. బాట మారితే పాదానికి తెలిసిన దారి తప్పుతుంది. వేలు ఒక్కనాడు పొరపాటు పడితే ముష్టిగింజ చిల్లగింజల్లో కలుస్తుంది. నా పాత భయం పోయిన చోట ఇప్పుడు ఇది కూర్చుంది.

ఇది చదివేవాళ్లలో అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాద్ వైపు ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఒక్కసారి వెళ్లి చూడండి. పంజగుట్ట నుంచి గుట్టల్లోకి పోయే బాటలో, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న రెండు పెద్ద రాళ్లు దాటాక, కప్పు మీద కరక్కాయలు ఎండుతున్న గుడిసె ఆమెది. ఉందో లేదో, తింటోందో లేదో, నీళ్లు ఎవరైనా తెచ్చి పెడుతున్నారో లేదో చూసి రండి. దూరం నుంచి చెయ్యి ఊపకండి. పేరు పెట్టి, నోటితో, గట్టిగా పిలవండి.